చెప్పు మారితే నడక మారదా?

"అన్నా, బండి ఎట్టా ఉంది?"

పర్చూరు పక్క పల్లెలో ఉండే మా బాబాయి కొడుకు వేసిన ప్రశ్న ఇది. 2023 వేసవిలో. ఆ ఏడు మిర్చికి మంచి ధర వచ్చింది. మేలు రకం కాయ గుంటూరు యార్డులో క్వింటాలు ఇరవై వేలు దాటింది. బాబాయి అప్పులు తీరాయి. పిన్నికి గాజులొచ్చాయి. మావాడి చిన్న కారుకు కొత్త చక్రాలొచ్చాయి.

కారు పాతదే, చక్రాలే కొత్తవి. ఆ మాటకొస్తే అవీ కొత్తవి కావు. ఎవరో వాడి తీసేసిన అల్లాయ్ చక్రాలు, వాటి మీద వెడల్పాటి టైర్లు. సెట్టు మొత్తం నలభై వేలు. అంటే రెండు క్వింటాళ్ల కాయ! వేపచెట్టు కింద నిలబెడితే కారు కాస్త ఎత్తుగా, ఛాతీ విరుచుకుని నిలబడ్డట్టు కనిపించింది. "అదిరిందిరా" అన్నాను. నిజంగానే అదిరింది. కాకపోతే అదిరింది స్టీరింగని తర్వాత తెలిసింది!

మావాడొక్కడే కాదు. గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ ఊళ్లో చూసినా ఈ ముచ్చట కనిపిస్తుంది. కారు కొన్న ఏడాదికే చక్రాలు మార్చేస్తారు. పక్కింటాయన పెద్ద కారుకున్నట్టే మన చిన్న కారుకూ ఉండాలి. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదేనేమో! ఇంతకీ చక్రం మారితే ఏమవుతుంది? అందం ఒక్కటే మారుతుందా? ఏడు నంబరు కాలికి తొమ్మిది నంబరు బూట్లు తొడిగితే చూసేవాళ్లకు కాలు పెద్దగానే కనిపిస్తుంది. పరుగెత్తమంటేనే తెలుస్తుంది సంగతి.

నాలుగు చేతులంత చోటు

కారులో ఇంజిను, గేరుబాక్సు, బ్రేకులు... ఎన్ని ఉన్నా నేలను తాకేది మాత్రం టైరొక్కటే. అదీ మొత్తం టైరు కాదు. ఏ క్షణాన చూసినా ఒక్కో టైరు నేలకు ఆనేది, మీ చెయ్యి వేళ్లతో సహా పరిస్తే ఎంతుంటుందో దాదాపు అంతే.

నమ్మకం లేకపోతే లెక్క చూడండి. మనుషులతో కలిపి కారు బరువు 1300 కిలోలనుకుందాం. ఒక్కో చక్రం మీద 325 కిలోలు. టైరులో గాలి 33 పీఎస్‌ఐ ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోల బరువు మోస్తుంది. భాగిస్తే వచ్చేది 140 చదరపు సెంటీమీటర్లు. నాలుగు టైర్లూ కలిపి నాలుగు చేతులంత చోటు! బ్రేకు తొక్కినా, మలుపు తిప్పినా, ఎదురుగా గేదె అడ్డం వచ్చినా మనల్ని కాపాడాల్సింది ఆ కాస్త రబ్బరే. అందుకే కారు తయారుచేసేవాళ్లు బ్రేకులు, స్ప్రింగులు, గేర్లు, స్టీరింగు అన్నిటినీ చక్రం సైజుకు జతపరిచి లెక్క కుదురుస్తారు. మనం చక్రం ఒక్కటే మారుస్తున్నామనుకుంటాం. నిజానికి ఆ లెక్క మొత్తం కదిలిపోతుంది.

టైరు మీద రాత

నుదుటి రాత చదవలేంగానీ టైరు రాత చదవడం తేలికే. మావాడి కారుకు కంపెనీ ఇచ్చిన టైరు మీద 185/65 ఆర్15 అని ఉంది. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు గోడ ఎత్తు, వెడల్పులో నూటికి 65 వంతులు. అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. 'ఆర్' అంటే రేడియల్. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

రిమ్ము వ్యాసానికి రెండు గోడల ఎత్తు కలిపితే మొత్తం చక్రం ఎత్తు తేలుతుంది. 185/65 ఆర్15కి అది సుమారు 621 మిల్లీమీటర్లు. మావాడు వేయించుకున్నది 205/65 ఆర్15. రిమ్ము పదిహేనే, గోడ నిష్పత్తీ 65నే. "ఒక్క నంబరే కదా తేడా" అన్నాడట అమ్మినాయన. కానీ లెక్కేస్తే ఎత్తు 647 మిల్లీమీటర్లు! నూటికి నాలుగు వంతులు ఎక్కువ. వెడల్పు పెరిగితే నిష్పత్తి లెక్కన గోడ కూడా పెరుగుతుందన్న చిన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు. బోల్టుల రంధ్రాలు సరిపోయాయి, బిగించేశారు.

ఆ పక్కనే ఇంకో రెండంకెలు, ఓ ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. అంకెలు బరువుకు గుర్తు. 82 అంటే ఆ టైరు 475 కిలోలు మోస్తుంది. 85 అయితే 515, 88 అయితే 560. అక్షరం వేగానికి గుర్తు. 'టి' అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా, 'హెచ్' అంటే 210 దాకా తట్టుకుంటుంది. డిక్కీలో రెండు మిర్చి టిక్కీలు, సీట్లలో ఏడుగురు పెళ్లివారు... ఇదీ మన వాడకం. కాబట్టి టైరు మార్చేటప్పుడు బరువు అంకె పాతదానికన్నా తగ్గకూడదు. చాలామంది చూడనిది దీన్నే.

మీటరు అబద్ధమాడితే...

నాలుగు శాతం ఓ లెక్కా అంటారా? స్పీడోమీటరుకు రోడ్డు కనిపించదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్నిబట్టి వేగం చూపిస్తుంది. చిన్న చక్రం కిలోమీటరుకు సుమారు 512 చుట్లు తిరిగితే ఎత్తయినది 492 తిరిగితే చాలు. చుట్లు తగ్గాయి కాబట్టి కారు నెమ్మదిగా పోతోందని మీటరు భ్రమపడుతుంది. ముందు 100 చూపిన చోట కారు నిజంగా ఎంత వేగంతో పోయేదో, ఇప్పుడు అంతకన్నా నాలుగు వంతులు ఎక్కువ వేగంతో పోతుంటుంది. హైవే మీద స్పీడ్ గన్ను పెట్టుకు కూర్చున్నవాళ్లకు ఈ సంజాయిషీ పనికిరాదు.

తిరిగిన దూరమూ తక్కువే పడుతుంది. మావాడికి ఓ మంచి అలవాటుంది. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా చిన్న పుస్తకంలో రాస్తాడు. చక్రాలు మార్చకముందు లీటరుకు 19 కిలోమీటర్లు. మార్చాక 16.8. లబోదిబోమన్నాడు. ఆ పుస్తకం నాకు చూపిస్తే కూర్చుని లెక్క కట్టాం. మీటరు దాచిపెట్టిన దూరాన్ని కలిపితే అసలు మైలేజీ 17.5. అంటే తగ్గిన రెండుంపావు కిలోమీటర్లలో ముప్పావు కిలోమీటరు దాకా మీటరు పుణ్యం. మిగతా ఒకటిన్నర మాత్రం నిజమైన నష్టం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే 54 లీటర్ల పెట్రోలు. లీటరు 110 రూపాయలనుకుంటే దాదాపు ఆరు వేలు. చక్రాలకు పెట్టింది నలభై వేలే కాదు, ఏటా కట్టే వడ్డీ కూడా ఉందన్నమాట!

మరి ఆ ఒకటిన్నర ఎక్కడికి పోయింది? కొంత గేర్ల దగ్గర. చక్రం ఎత్తయితే అదే ఇంజిను, అదే గేరు ఇచ్చే తోపు తగ్గుతుంది. సైకిలు మీద పెద్ద పళ్లచక్రం వేసుకుని వంతెన ఎక్కుతున్నట్టుంటుంది. ఇంతకుముందు మూడో గేరులో ఎక్కేచోట ఇప్పుడు రెండో గేరు వేయాలి. ఇంకొంత టైరు రాపిడిలో పోతుంది. తిరిగే ప్రతిసారీ రబ్బరు నేలకు ఆని నొక్కుకుంటుంది, మళ్లీ పైకి లేచి సాగుతుంది. ఆ పనికి కొంత శక్తి వేడిగా మారిపోతుంది. బరువైన టైరు, గట్టి పూతున్న టైరు ఎక్కువ శక్తిని మింగుతుంది.

తిరగలి చెప్పే లెక్క

"అల్లాయ్ అంటే తేలిక కదండీ?" అని అడుగుతారు చాలామంది. అన్నీ కాదు. మంచి అల్లాయ్ చక్రం అదే సైజు ఇనుప చక్రం కన్నా తేలిగ్గా ఉండొచ్చు. కానీ సైజు పెంచి, చవకబారు పోతపోసినది కొంటే ఇనుపదానికన్నా బరువు తూగుతుంది. దానికి వెడల్పు టైరు బరువు తోడు.

ఓ మూడు కిలోలు పెరిగితే ఏమవుతుందంటారా? తిరగలి తిప్పినవాళ్లకు తెలుస్తుంది. చిన్న రాయి చెయ్యి వేయగానే కదులుతుంది. పెద్ద రాయి కదలడానికి బలం కావాలి, కదిలాక ఆపడానికీ బలం కావాలి. చక్రమూ అంతే. డిక్కీలో కిలో బరువు పెడితే అది కిలోయే. అదే కిలో చక్రం అంచున ఉంటే ముందుకూ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకే కారు వేగం అందుకునేటప్పుడు అది దాదాపు రెండు కిలోల పెట్టు. చక్రానికి మూడు చొప్పున నాలుగు చక్రాలకు 12 కిలోలు పెరిగితే ఇంజినుకు అది 24 కిలోల దాకా భారం. ఇది పెద్ద బరువేం కాదు. కానీ బజారులో ఆగినప్పుడల్లా, కదిలినప్పుడల్లా మోయాల్సిందే. బ్రేకులకూ అదే తిప్పలు. బ్రేకు డిస్కు పాతదే, ఆపాల్సిన చక్రం పెద్దది.

ఇంకో చిక్కు కుదుపులు. కారు శరీరాన్ని స్ప్రింగులు మోస్తాయి. చక్రాన్ని ఎవరూ మోయరు. గుంటలో పడి లేచిన బరువైన చక్రాన్ని స్ప్రింగు వెంటనే అదుపు చేయలేదు. అది నేలను వదిలి ఎగిరినంతసేపు ఆ మూల పట్టు లేనట్టే.

అన్నట్టు, మావాడి చక్రాలు కారు అంచుకన్నా రెండు వేళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. చూడ్డానికి అదే అందం. కానీ చక్రం ఎంత బయటికి జరిగితే బేరింగు మీద అంత వంపు బరువు పడుతుంది. పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకునేది. కొన్ని నెలలకే ముందు చక్రంలోంచి తుమ్మెద ఝుంకారం మొదలైంది. అది బేరింగు ఏడుపు!

వెడల్పు... ఎండకు ఒకటి, వానకు ఒకటి

అయితే వెడల్పు టైరులో మంచే లేదా? ఉంది. పొడి రోడ్డు మీద, మలుపుల్లో వెడల్పు టైరు గట్టిగా పట్టుకుంటుంది. గోడ పొట్టిగా ఉంటే స్టీరింగు చెప్పిన మాట చప్పున వింటుంది. రేసు కార్లకు వెడల్పాటి టైర్లు అందుకే.

కథ అడ్డం తిరిగేది వానలో. టైరు గాళ్లు ఉన్నది అందానికి కాదు, కిందున్న నీళ్లను పక్కకు తోసేయడానికి. టైరు వెడల్పయ్యేకొద్దీ తోయాల్సిన నీళ్లు ఎక్కువ. ఆ గాళ్లు అరిగి ఉంటే నీళ్లకు దారి దొరకదు. వేగం పెరిగితే టైరు కింద నీరే ఓ పొరలా నిలుస్తుంది. కారు రోడ్డును వదిలి నీళ్ల మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రాత్రి మా బాబాయికి ఆయాసం ఎక్కువైంది. బయట కుండపోత. గుంటూరు తీసుకుపోదామని మావాడు కారు తీశాడు. వెనక సీట్లో పిన్ని ఒళ్లో తల పెట్టుకుని బాబాయి. చిలకలూరిపేట దగ్గర హైవే ఎక్కారు. యడ్లపాడు ఇంకా రాలేదు. రోడ్డు పల్లంలో నీళ్లు నిలిచి ఉన్నాయి. మీటరు డెబ్భై చూపిస్తోంది. ఉన్నట్టుండి స్టీరింగు దూదిలా తేలికైపోయింది. కారు అడ్డంగా జారి డివైడరును రాసుకుంటూ పోయి ఆగింది. వెనకాల లారీ ఏదీ రాకపోబట్టి సరిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్కణ్నుంచి నలభై మీద గుంటూరు చేరేసరికి మావాడి చొక్కా చెమటకు తడిసిపోయింది... డిసెంబరు చలిలో!

మర్నాడు ఆటోనగర్‌లో టైర్లు విప్పి చూశారు. రెండు టైర్లు గాళ్ల అడుగున ఉండే అరుగుదల గుర్తు దాకా అరిగాయి. ఆ గుర్తు ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. మన నిబంధనల ప్రకారం కారు టైరు అంతకన్నా అరగకూడదు. కొత్త టైరులో ఏడెనిమిది మిల్లీమీటర్ల లోతుంటుంది. వానల్లో తిరిగేవాళ్లు మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చడం మంచిది. ఇంకో సంగతీ బయటపడింది. టైరు గోడ మీద చిన్న కోలాకారపు గడిలో నాలుగంకెలున్నాయి, 3116 అని. అంటే 2016లో 31వ వారంలో తయారైంది. ఏడేళ్ల ముసలి టైరు! రబ్బరు ఎండకు, గాలికి గట్టిపడిపోతుంది. గాళ్లు బాగున్నా పట్టుండదు. పల్లెల్లో చాలా కార్లు పెళ్లిళ్లకీ ఆస్పత్రికీ తప్ప కదలవు. టైరు అరగలేదు కదా అని ధీమాగా ఉంటారు. అయిదేళ్లు దాటాక ఏటా చూపించాలి, పదేళ్లు దాటితే ఎలా ఉన్నా తీసేయాలి.

బాబాయి చెప్పిన నల్లరేగడి పాఠం

వారానికి బాబాయి తేరుకున్నాడు. పలకరించడానికి వెళ్తే మంచం మీద కూర్చుని కొడుకుని చూపిస్తూ నాతో అన్నాడు.

"ఏరా అబ్బాయ్, పేపర్లో రాసేవాడివి గదా, వీడికి నువ్వన్నా చెప్పు. చక్రం ఎప్పుడూ బండిని చూసి గాదు, నేలను చూసి పెట్టుకోవాలి."

ఆయన కుర్రతనంలో ఇంట్లో కొయ్య చక్రాల బండి ఉండేది. ఎత్తయిన చక్రం, ఆకులు, చుట్టూ ఇనుప పట్టా, మధ్యలో ఇరుసు, ఊడిపోకుండా కడసీల. పత్తి బోరేలు వేసుకుని పోతే రాళ్ల బాట మీద ఎడ్లకీ మనిషికీ ఒళ్లు హూనమయ్యేది. తడి నేలలో ఆ సన్నటి పట్టా కత్తిలా దిగబడేది. తర్వాత టైరు బండి వచ్చింది. పాత లారీల ఇరుసు, దాని మీద గాలి టైర్లు. ఎడ్లు అవే, కాడి అదే. కానీ అంతకుముందుకన్నా ఎక్కువ బరువును అవలీలగా లాగాయి. రోడ్డూ చెడలేదు, ఎడ్ల మెడలూ పుళ్లు పడలేదు. మారింది చక్రం ఒక్కటే!

విచిత్రం ఏమిటంటే, 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్న జాన్ బాయ్డ్ డన్‌లప్ పశువుల డాక్టరు. బెల్‌ఫాస్ట్‌లో కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి చేశాడు. చివరకది మన ఒంగోలు గిత్తల మెడలకూ మేలు చేసింది.

"మరి టైరు బండికి లోటే లేదా బాబాయ్?" అనడిగాను.

"ఎందుకు లేదూ? కొయ్య చక్రానికి తుమ్మముల్లు లెక్కలేదు. టైరుకి ముల్లు దిగిందా, పొలం మధ్యలో కూలబడాల్సిందే. ట్రాక్టరు సంగతి చూడు. దమ్ము చక్రాలు బురదలో రాజులు. తారు రోడ్డెక్కితే రోడ్డుకీ శత్రువులే, ట్రాక్టరుకీ శత్రువులే."

అదండీ సంగతి! చక్రానికి మంచీ చెడూ విడిగా లేవు. ఏ నేల మీద, ఏ బరువుతో అన్నదే లెక్క.

మన నేల సంగతి అందరికీ తెలిసిందే. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. వేసవిలో చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు. అలాంటి నేల మీద వేసిన రోడ్డు నిలకడగా ఎలా ఉంటుంది? ఓ చోట లేస్తుంది, ఓ చోట కుంగుతుంది, అంచులు తెగిపోతాయి. పత్తి ట్రాక్టర్లు, మిర్చి లారీలు తిరిగే బాటల్లో గుంటలు సరేసరి. అక్కడ మనల్ని కాపాడేది టైరు గోడ. గోడ ఎత్తుగా ఉంటే దెబ్బను తనలో దాచుకుంటుంది. రిమ్ము పెద్దదై గోడ పొట్టిదయితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. అల్లాయ్ అయితే చిట్లుతుంది, ఇనుపది సొట్టపడుతుంది. టైరు లోపలి దారాలు తెగితే గోడ మీద కోడిగుడ్డంత బుడగ లేస్తుంది. ఆ టైరు ఎప్పుడు పేలుతుందో ఎవరూ చెప్పలేరు. బుడగ కనిపిస్తే మరమ్మతు లేదు, మార్చడమే.

రెంటచింతల ఎండ... టైరులో గాలి

మన ప్రాంతానికి ఇంకో పరీక్ష ఎండాకాలం. రెంటచింతల ఎండల గురించి ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ ఎండకు తారు రోడ్డు పెనంలా కాలుతుంది. దాని మీద టైరు ఎందుకు పేలుతుంది? "గాలి ఎక్కువై" అంటారు చాలామంది. అందుకని ఎండాకాలం గాలి తగ్గించి కొట్టిస్తారు. ఇది సరిగ్గా తలకిందుల వైద్యం! గాలి తక్కువైతే టైరు గోడ ఎక్కువగా వంగుతుంది. వంగేకొద్దీ లోపల వేడి పుడుతుంది. గంటల తరబడి హైవే మీద పోతే ఆ వేడికి పొరలు విడిపోతాయి. దానిపైన ఓవర్‌లోడు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

అయిదారు డిగ్రీల వేడి పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. ఇది మామూలే. దీన్ని లెక్కలో పెట్టుకునే కంపెనీ అంకె ఇస్తుంది. అందుకని పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. డ్రైవరు తలుపు తీస్తే పక్కన ఉండే స్టిక్కరు మీద అంకె ఉంటుంది. నిండా మనుషులుంటే ఎంత ఉండాలో కూడా అక్కడే రాసి ఉంటుంది. మధ్యాహ్నం వేడి మీద ఉన్న టైరులోంచి గాలి తీయించకండి. స్టెప్నీలో కూడా గాలి చూడండి. అవసరపడిన రోజున అదే ముందు చేతులెత్తేస్తుంది. నైట్రోజన్ కొట్టించాలా అంటారా? కొట్టిస్తే నష్టం లేదు. మామూలు గాలిలోనూ నూటికి 78 వంతులు అదే. రకం కన్నా నెలకు రెండుసార్లు చూసుకోవడమే ముఖ్యం.

మరి మార్చకూడదా?

ఎందుకు మార్చకూడదు? పద్ధతిగా మార్చొచ్చు. మన ఊళ్లో కనిపించే కొన్ని చిన్న కార్లలోనే చూడండి. కింది వేరియంటుకు 165/80 ఆర్14, పై వేరియంటుకు 185/65 ఆర్15 వస్తుంది. మొదటిదాని ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోదానిది 621. రిమ్ము ఒక అంగుళం పెరిగింది, గోడ ఆ మేరకు తగ్గింది, మొత్తం ఎత్తు మారలేదు. మీటరు లెక్క తప్పలేదు, గేర్ల లెక్కా తప్పలేదు. పెద్ద చక్రం కావాలనుకుంటే ఇదీ రాజమార్గం. కంపెనీయే మీ మోడల్లో పై వేరియంటుకు ఇచ్చిన సైజు వరకు వెళ్లొచ్చు. అంతకు మించితే ఎత్తులో తేడా నూటికి రెండు వంతులు దాటకుండా చూసుకోమంటారు అనుభవజ్ఞులు.

చట్టం సంగతీ మరవకండి. కంపెనీ ఇచ్చిన లక్షణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చేసిన మార్పు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకపోతే క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. సరదా కోసం పెట్టిన నలభై వేలు లక్షలకు ఎసరు పెట్టకూడదు కదా!

ఇంకొన్ని జాగ్రత్తలు...

- నాలుగు చక్రాలూ ఒకే సైజువి ఉండాలి. ఏబీఎస్ ఉన్న కార్లలో ప్రతి చక్రం వేగాన్నీ విడిగా లెక్కపెడతారు. సైజులు కలగాపులగమైతే ఆ లెక్క తికమకపడుతుంది.

- డబ్బులు చాలక రెండే కొత్త టైర్లు కొంటే వాటిని వెనక వేయించండి. వెనక పట్టు తప్పితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని అదుపు చేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు.

- ప్రతి ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు చక్రాలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి. టైరు మార్చినప్పుడల్లా బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించండి.

- కొనేముందు ఐఎస్‌ఐ గుర్తు, తయారైన వారం, ఏడు చూడండి. వాడేసిన టైరు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. దాని వెనక కథ మనకు తెలియదు.

- అందానికి కేటాయించిన డబ్బుంటే దాన్ని అదే సైజులో మంచి రకం టైర్లకు పెట్టండి. వానలో బ్రేకు తొక్కినప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

ఊయల సైజు

మావాడి పాత ఇనుప చక్రాలు అదృష్టవశాత్తూ గొడ్లచావిడి అటక మీదే ఉన్నాయి. 2024 సంక్రాంతికి ముందే వాటికి 185/65 కొత్త టైర్లు వేయించాడు. బేరింగు మార్పించాడు. పుస్తకంలో మైలేజీ మళ్లీ 19 దగ్గరికి వచ్చింది.

2025 మొదట్లో మిర్చి ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన ఆదుకునే పథకం ప్రకటించింది. ఆ రోజుల్లో వెళ్తే మావాడు వేళ్లు మడిచి లెక్కపెడుతున్నాడు. "అన్నా, అప్పుడు ఆ చక్రాలకు రెండు క్వింటాళ్ల కాయ పోశా. ఈ రేటుకైతే మూడు క్వింటాళ్ల పైమాట గదా" అని నిట్టూర్చాడు.

బాబాయి మాత్రం నవ్వుతూ వేపచెట్టు వైపు చూపించాడు. ఆ వెడల్పాటి టైర్లలో ఒకదానికి మోకు కట్టి కొమ్మకు వేలాడదీశారు. అందులో ఆయన మనవడు కాళ్లు మడిచి కూర్చుని ఊగుతున్నాడు.

"దానికి సరిగ్గా సరిపోయింది చూడరా సైజు" అన్నాడు బాబాయి.